శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మెట్రో: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

మా ఇంట్లో ఎయిర్‌పోర్ట్ మెట్రో మాట మొదటిసారి వచ్చినప్పుడు మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇప్పుడు వాడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు, మెట్రో మాత్రం ఇంకా మాటల్లోనే ఉంది. ఈ మధ్యలో దారి ఒకసారి పూర్తిగా మారిపోయింది. దాంతో పెళ్లికెళ్లినా, కాలనీ మీటింగ్‌కెళ్లినా అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇదంతా 2025 చివరి నాటి పరిస్థితి. ఇంకో మాట ముందే చెప్పేస్తాను, నేను ఉండేది ఎల్బీ నగర్ వైపు. ఆ పక్షపాతం ఎక్కడైనా కనబడితే ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

## అసలు ఏ లైను, ఎక్కడిదాకా వచ్చింది

శంకుస్థాపన అయిపోయిందని విన్నాను. పని మొదలైందా?

మీరు విన్నది నిజమే, కానీ ఆ శంకుస్థాపన వేరే లైనుది. 2022 డిసెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం మైండ్‌స్పేస్ కూడలి దగ్గర శంకుస్థాపన చేశారు. రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు, మూడేళ్లలో పూర్తి అన్నారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. 2023 డిసెంబరులోనే కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ లైనును పక్కన పెట్టమన్నారు. దాని బదులు పాతబస్తీ అంచు మీదుగా వెళ్లే కొత్త దారికి డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) తయారుచేసి 2024 నవంబరులో కేంద్రానికి పంపారు. 2025 చివరి నాటికి కేంద్రం ఆమోదం రాలేదు. విమానాశ్రయం వైపు ఒక్క పిల్లర్ కూడా లేవలేదు.

కొత్త దారి ఎక్కడి నుంచి ఎక్కడికి?

నాగోల్‌లో మొదలై ఎల్బీ నగర్, కర్మన్‌ఘాట్, ఓవైసీ ఆసుపత్రి, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా వెళ్తుంది. అక్కడి నుంచి బెంగళూరు హైవే పట్టుకుని, రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టు కడుతున్న చోటు దాటి శంషాబాద్ చేరుతుంది. మొత్తం 36.8 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. చివర్లో విమానాశ్రయం దగ్గర 1.6 కిలోమీటర్లు భూమి లోపల, మిగతాదంతా పిల్లర్ల మీద. కాగితాల్లో దీన్ని నాలుగో కారిడార్ అంటారు. నాగోల్‌లో ఇప్పుడున్న బ్లూ లైను, ఎల్బీ నగర్‌లో రెడ్ లైను దీనికి కలుస్తాయి. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీ గుండా వచ్చే లైను చాంద్రాయణగుట్టలో కలుస్తుంది.

మెట్రో రెండో దశ అంటే ఎయిర్‌పోర్ట్ లైను ఒక్కటేనా?

కాదు, మొత్తం అయిదు లైన్లు. నాగోల్–విమానాశ్రయం 36.8 కిలోమీటర్లు, రాయదుర్గం–కోకాపేట నియోపోలిస్ 11.6, ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట 7.5, మియాపూర్–పటాన్‌చెరు 13.4, ఎల్బీ నగర్–హయత్‌నగర్ 7.1. అంతా కలిపి 76.4 కిలోమీటర్లు. తర్వాత 2025లో మేడ్చల్, శామీర్‌పేట, ప్రభుత్వం కొత్తగా తలపెట్టిన ఫ్యూచర్ సిటీ వైపు మరో 86 కిలోమీటర్లను రెండో దశ ‘బి’ పేరుతో ప్రతిపాదించారు. టీవీలో ఒక్కోసారి ఒక్కో అంకె వినిపించడానికి కారణం అదే.

విమానాశ్రయం 2008లోనే వచ్చింది కదా, అప్పుడే రైలు ఎందుకు వేయలేదు?

2008 మార్చిలో బేగంపేట మూసేసి శంషాబాద్ తెరిచినప్పుడు అందరూ అడిగిన ప్రశ్నే ఇది. అప్పటి ఆలోచనంతా రోడ్డు చుట్టూ తిరిగింది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచారు. ఔటర్ రింగ్ రోడ్డు కూడా అటువైపే ముందు పూర్తయింది. కారు ఉన్నవాడికి శంషాబాద్ దగ్గరైంది, మిగతావాళ్లకు బస్సు మిగిలింది.

మెట్రో సంగతి చూస్తే, అప్పటికి దానికే దిక్కు లేదు. 2008లో టెండరు దక్కించుకున్న, సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ బృందం ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోకపోగా తామే 30,311 కోట్లు ఎదురిస్తామంది! ఇది మెట్రో కాదు, రియల్ ఎస్టేట్ వ్యవహారంలా ఉందని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీకి ఇచ్చారు. నగరంలో మొదటి మెట్రో రైలు నడిచింది 2017 నవంబరులో. విమానాశ్రయానికి రైలు గురించి ఆలోచించే తీరిక అప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ (రైల్వే వాళ్ల లోకల్ రైలు) ఉంది కదా, ఇంకో ఆరు కిలోమీటర్లు పొడిగిస్తే సరిపోదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను మనసులో మెచ్చుకుంటాను. సరిపోయేదే. ఉందానగర్ స్టేషన్ నుంచి విమానాశ్రయం ఆరు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఎంఎంటీఎస్ రెండో దశ మొదటి ప్రణాళికలో ఆ ముక్క కూడా ఉండేది. విమానాశ్రయ సంస్థతో పొత్తు కుదరక అది పక్కకు పోయింది. ఫలక్‌నుమా–ఉందానగర్ మధ్య రెండో లైను వేసి, కరెంటు లైను కూడా వేశారు. 2023 ఏప్రిల్‌లో రైళ్లూ మొదలయ్యాయి.

అడ్డంకి ఆ ఆరు కిలోమీటర్లది మాత్రమే కాదు. ఎంఎంటీఎస్ నడిచేది రైల్వే వాళ్ల పట్టాల మీద. ఎక్స్‌ప్రెస్ రైళ్లు, గూడ్సు బళ్లు పోయాక మిగిలిన సమయంలో నడుస్తుంది. గంటకో రైలు, అది కూడా వస్తుందో రాదో తెలియదంటే, విమానం టికెట్ చేతిలో ఉన్నవాడు ఎక్కడు. అయినా చవకగా, త్వరగా అయ్యే పనిని వదిలేసి పదిహేనేళ్లు పెద్ద పనుల వెంట పడ్డామన్నది నా అభిప్రాయం.

## దారి గొడవ

పాత లైను ఎందుకు వద్దన్నారు?

ప్రభుత్వం వైపు నుంచి వినిపించిన వాదనలు ప్రధానంగా మూడు. ఒకటి, గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగ్ రోడ్డు ఎలాగూ ఉంది, అక్కడివాళ్లలో చాలామందికి కార్లున్నాయి. రెండు, ఔటర్ పక్కన కొంత దూరం హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతం. 1996 నాటి 111 జీవో ప్రకారం నిర్మాణాల మీద ఆంక్షలు ఉన్న చోటు కాబట్టి స్టేషన్ల చుట్టూ జనం, ఇళ్లు పెరిగే వీలు తక్కువ. మూడు, అదే డబ్బుతో పాతబస్తీకి, ఎల్బీ నగర్ వైపు జనానికి మెట్రో ఇవ్వొచ్చు.

ప్రతిపక్షం మాట వేరు. టెండర్ల దశ దాకా వచ్చిన ప్రాజెక్టును కేవలం పాత ప్రభుత్వానిది అన్న కారణంతో ఆపారని, ఐటీ కారిడార్‌కు అన్యాయం చేశారని వాళ్లంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. 111 జీవోను ఎత్తేస్తున్నట్టు 2022లో అప్పటి ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి, ఆ రెండో వాదన వినడానికి ఉన్నంత గట్టిది మాత్రం కాదు.

రాయదుర్గం నుంచి 26 నిమిషాలు అన్నారు. అంత వేగం వదులుకోవడం తప్పు కదా?

ఆ 26 నిమిషాలు రాయదుర్గం స్టేషన్‌లో రైలెక్కాక మొదలయ్యే లెక్క. మీరు మాదాపూర్‌లోనే ఉంటే అద్భుతం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటే ముందు అమీర్‌పేట వెళ్లి, రైలు మారి, రాయదుర్గం చేరి, అక్కడ ఇంకోసారి మారాలి. విమానాశ్రయం దక్షిణాన ఉంటే పడమర చివరకు వెళ్లి తిరిగి రావడం అన్నమాట.

వేగం కావాలంటే స్టేషన్లు తక్కువ పెట్టాలి. స్టేషన్లు తక్కువైతే దారిలో ఎక్కేవాళ్లు ఉండరు. ఈ తగాదా అంతా అక్కడే ఉంది. విమానం ఎక్కేవాళ్లనే నమ్ముకుంటే రైలు నిండదు. 2023-24లో శంషాబాద్ నుంచి రాకపోకలు సాగించినవాళ్లు సుమారు 2.5 కోట్లు, అంటే సగటున రోజుకు 68 వేలు. వాళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరు మెట్రో ఎక్కారనుకున్నా 14 వేలు కూడా దాటదు. మొదటి దశ మెట్రోలో రోజూ నాలుగున్నర లక్షల చుట్టూ ఎక్కుతుంటేనే నష్టాలని గోల. కాబట్టి ఈ లైను బతకాలంటే దారి మధ్యలో ఎక్కి మధ్యలోనే దిగేవాళ్లు కావాలి. కర్మన్‌ఘాట్‌లో ఎక్కి ఆరాంఘర్‌లో దిగే నర్సమ్మ, చాంద్రాయణగుట్టలో ఎక్కి కార్గో షెడ్డులో షిఫ్టుకు పోయే కుర్రాడు. అందుకే 24 స్టేషన్ల దారే నాకు సబబు అనిపిస్తుంది. నేను ఎల్బీ నగర్ వాణ్నని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

ఇలాంటి ఎక్స్‌ప్రెస్ లైను ఇంకెక్కడైనా ఉందా? అక్కడ ఏమైంది?

ఢిల్లీలో ఉంది. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి విమానాశ్రయం మీదుగా మొదట్లో ద్వారక సెక్టార్ 21 దాకా 22.7 కిలోమీటర్లు. 2011 ఫిబ్రవరిలో రిలయన్స్ ఇన్‌ఫ్రా అనుబంధ సంస్థ ఆధ్వర్యంలో మొదలైంది. ఛార్జీలు ఎక్కువ, జనం పలచన. 2012 జులైలో వంతెనల దగ్గర సాంకేతిక లోపాలు బయటపడి ఆర్నెల్లు మూతపడింది. 2013 జులై 1 నుంచి ఢిల్లీ మెట్రో సంస్థే నడుపుతోంది. ఛార్జీలు తగ్గించాక జనం పెరిగారు. ఇప్పుడు రైలు గంటకు 120 కిలోమీటర్ల వేగం దాకా వెళ్తుంది.

కోర్టు కథ మాత్రం రైలు కంటే పొడుగు. ఒప్పందం నుంచి తప్పుకున్న ప్రైవేటు కంపెనీకి వేల కోట్లు చెల్లించాలని 2017లో మధ్యవర్తుల తీర్పు వచ్చింది. చివరికి 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్‌లో, అంటే అన్ని దారులూ అయిపోయాక వేసే ఆఖరి పిటిషన్‌లో, దాన్ని కొట్టేసింది. లైను బాగానే నడుస్తోంది కదా అని ఢిల్లీని ఉదాహరణగా చూపేవాళ్లు ఈ సగం కథ చెప్పరు.

చెన్నై, బెంగళూరు వాళ్లు ఎలా చేశారు?

చెన్నైలో గొడవే లేదు. విమానాశ్రయం మీనంబాక్కంలో నగరానికి ఆనుకునే ఉంది, మామూలు మెట్రో లైను చివరి స్టేషన్‌ను అక్కడే పెట్టారు. 2016 సెప్టెంబరులో తెరిచారు. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వెళ్లి విమానం ఎక్కే మనవాళ్లు సెంట్రల్‌లో రైలు దిగి మెట్రోలోనే పోతారు.

బెంగళూరుది మనలాంటి కథే. విమానాశ్రయం 2008లో వచ్చింది, నగరానికి చాలా దూరం. ఏ దారిన వెళ్లాలన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం, హెబ్బాళ మీదుగా వెళ్లే సుమారు 58 కిలోమీటర్ల లైనుకు కేంద్ర మంత్రివర్గం 2021 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. అక్కడ కూడా నేరుగా దూసుకెళ్లే ఎక్స్‌ప్రెస్ కాకుండా, ఐటీ కంపెనీల రింగ్ రోడ్డును కలుపుకుపోయే మామూలు మెట్రోనే ఎంచుకున్నారు.

రేపు మళ్లీ ప్రభుత్వం మారితే ఈ లైనూ మారుస్తారా?

ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక్క తేడా ఉంది. పాత లైను పూర్తిగా రాష్ట్రం తన డబ్బుతో కట్టుకుంటానన్నది, అందుకే ఒక్క సమీక్షా సమావేశంతో ఆగిపోయింది. కొత్తది కేంద్రం, రాష్ట్రం ఉమ్మడి భాగస్వామ్యంతో, విదేశీ రుణంతో కట్టాలన్న ప్రతిపాదన. ఒకసారి సంతకాలయ్యాక దాన్ని తీసి పక్కన పడేయడం అంత సులువు కాదు. సంతకాలు కానంత వరకు మాత్రం అదీ గాలిలో దీపమే.

## డబ్బు

24 వేల కోట్లు ఎవరు పెడతారు?

అయిదు లైన్లకూ కలిపి అంచనా 24,269 కోట్లు. రాష్ట్రం వాటా 7,313 కోట్లు, కేంద్రానిది 4,230 కోట్లు. అన్నిటికంటే పెద్ద ముక్క అప్పు: జైకా, ఏడీబీ లాంటి విదేశీ రుణ సంస్థల నుంచి 11,693 కోట్లు. మిగతా 1,033 కోట్లు ప్రైవేటు భాగస్వామ్యంలో. కేంద్రం ఇస్తుంది అని మనం అనుకుంటున్నది మొత్తంలో అయిదో వంతు కూడా కాదు. కానీ కేంద్రం సంతకం లేకపోతే ఆ విదేశీ అప్పు పుట్టదు. అసలు కీలకం ఆ సంతకమే.

పాత లైను 6,250 కోట్లే కదా, ఇది ఇంత ఖరీదేంటి?

పోలిక సరిగ్గా కుదరదు. 6,250 కోట్లు 31 కిలోమీటర్ల ఒక్క లైనుకు, 24,269 కోట్లు 76.4 కిలోమీటర్ల అయిదు లైన్లకు. కిలోమీటరుకు లెక్క కడితే పాతది సుమారు 200 కోట్లు, కొత్తది సుమారు 318 కోట్లు. తేడా ఉందన్నది నిజం. పాత లైను చాలావరకు ఔటర్ పక్కన ఖాళీ జాగాలో, తక్కువ స్టేషన్లతో పోయేది. కొత్త లైన్లు జనం మధ్య నుంచి పోతాయి, పాతబస్తీలో ఇళ్లకు నష్టపరిహారమే పెద్ద పద్దు. స్టేషన్ ఒక్కొక్కటీ మూడంతస్తుల భవనం కట్టినంత పని. పైగా 2022 నాటి ధరలు వేరు.

కేంద్రం ఎందుకు ఆపుతోంది? రాజకీయమా?

రాజకీయం లేదంటే మీరు నవ్వుతారు. కానీ అదొక్కటే కాదు. మొదటి దశ 69 కిలోమీటర్లు ఎల్ అండ్ టీ చేతిలో, రెండో దశ ప్రభుత్వాల చేతిలో ఉంటే ఎలా అన్నది ఢిల్లీ నుంచి వచ్చిన అసలు ప్రశ్న. ప్రయాణికుడు నాగోల్‌లో ఒక కంపెనీ రైలు దిగి ఇంకో కంపెనీ రైలు ఎక్కుతాడు. టికెట్ డబ్బులు ఎవరికెంత? సిగ్నళ్లు ఎవరివి? ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత? నష్టాల్లో ఉన్న ఎల్ అండ్ టీ రెండో దశలో చేరనంది. చివరికి 2025 సెప్టెంబరులో మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. సుమారు 13 వేల కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తికెత్తుకుని, కంపెనీకి సుమారు 2 వేల కోట్లు ఇచ్చేలా మాట్లాడుకున్నారు. దాంతో ఆ ముడి కొంత వదులైంది, ఖజానా మీద బరువు మాత్రం పెరిగింది.

విమానాశ్రయం వాళ్లు లాభాల్లో ఉన్నారుగా, వాళ్లే కట్టొచ్చుగా?

లైను మొత్తం కట్టమనడం కుదరదు గానీ, వాటా అడగడంలో తప్పేం లేదు. బెంగళూరులో విమానాశ్రయ సంస్థ తన ఆవరణలోని స్టేషన్ల ఖర్చుకు ముందుకొచ్చింది. శంషాబాద్ విమానాశ్రయ సంస్థలో జీఎంఆర్‌దే పెద్ద వాటా అయినా, రాష్ట్ర ప్రభుత్వానికి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి చెరో 13 శాతం వాటా ఉంది. అంటే బోర్డులో మన మనుషులూ ఉన్నారు. ఒక జాగ్రత్త: విమానాశ్రయం పెట్టే ఖర్చు చివరికి యూజర్ ఫీజు రూపంలో విమానం టికెట్‌లోకే వచ్చే అవకాశం ఉంటుంది. బస్సులో వెళ్లి విమానం ఎక్కేవాడి మీదా అది పడుతుంది.

టికెట్ ఎంత ఉంటుంది?

ఖరారు కాలేదు, కాదు కూడా ఇప్పట్లో. ఛార్జీలు నిర్ణయించడానికి మెట్రో చట్టం కింద ఒక కమిటీ ఉంటుంది. మొదటి దశలో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయలు ఉండేది. 2025 మేలో దాన్ని 75 చేశారు, జనం గగ్గోలు పెట్టడంతో వారం తిరక్కుండానే కొంత తగ్గించి 69 చేశారు. కొత్త లైను ఇంకా పొడుగు కాబట్టి ఆ చివర నుంచి ఈ చివరకు అంతకంటే ఎక్కువే ఉంటుందనుకోండి. నలుగురు కలిసి క్యాబ్‌లో వెళ్లే కుటుంబానికి తేడా తక్కువే, ఒంటరిగా వెళ్లేవాడికి చాలా.

## ఇళ్లు, భూములు

మా ఇల్లు పోతుందా?

ఎక్కడున్నారన్నదాన్ని బట్టి. ఎల్బీ నగర్ నుంచి ఆరాంఘర్ దాకా ఇన్నర్ రింగ్ రోడ్డు ఇప్పటికే వెడల్పు, పిల్లర్లు మధ్యలో వస్తాయి. స్టేషన్ మెట్లు దిగే చోట, మలుపుల దగ్గర కొన్ని జాగాలు పోవచ్చు. అక్కడ అసలు తలనొప్పి ఫ్లైఓవర్లది. ఓవైసీ ఆసుపత్రి దగ్గర 2021 డిసెంబరులో తెరిచిన అబ్దుల్ కలాం ఫ్లైఓవర్ ఆ రోడ్డు మీదే ఉంది. మెట్రో దాని పైనుంచో పక్కనుంచో పోవాలి. ముందే ఆలోచించి ఉంటే రెండూ ఒకే పిల్లర్ల మీద వచ్చేవి కదా అని ఆ దారిన పోయిన ప్రతిసారీ అనుకుంటాను.

పాతబస్తీలో ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట మధ్య పరిస్థితి వేరు. అక్కడ రోడ్డును వంద అడుగులకు వెడల్పు చేయాలి, సుమారు 1,100 ఆస్తులు దెబ్బతింటాయన్నారు. గజానికి 81 వేల రూపాయల పరిహారం ప్రకటించి, 2025 జనవరి నుంచి చెక్కులు ఇస్తూ కూల్చివేతలు మొదలుపెట్టారు. సొంత ఇల్లున్నవాడికి చెక్కు వస్తుంది. ఆ ఇంటి కింద నలభై ఏళ్లుగా అద్దెకు గాజుల కొట్టు నడిపేవాడికి గజం లెక్క లేదు. అక్కడ వినబడే కోపం ఎక్కువగా వాళ్లది. చారిత్రక కట్టడాలకు ముప్పని హైకోర్టులో కేసు కూడా నడిచింది. చార్మినార్, సాలార్‌జంగ్ పేర్లతో వచ్చే స్టేషన్లు ఆ కట్టడాలకు 500 మీటర్ల దూరంలో ఉంటాయని మెట్రో అధికారుల మాట.

మెట్రో వస్తోందని శంషాబాద్ వైపు ప్లాటు అమ్ముతున్నారు. కొనొచ్చా?

మెట్రోను నమ్ముకుని మాత్రం కొనకండి. 2022 చివర్లో మా బావమరిది ఒక వెంచర్ బ్రోచర్ తెచ్చాడు. ‘ప్రతిపాదిత మెట్రో స్టేషన్‌కు 5 నిమిషాలు’ అని ఎర్ర అక్షరాలు, పక్కనే నీలం గీత. అడ్వాన్సు కట్టాడు. ఆ లైను రద్దయ్యాక అడగడానికి వెళ్తే అదే ఆఫీసులో అదే బ్రోచర్, ఎర్ర అక్షరాల మీద ‘ఫ్యూచర్ సిటీకి 20 నిమిషాలు’ అని స్టిక్కర్ అంటించి ఉంది. గోటితో గీకితే కింద పాత అక్షరాలు కనబడుతున్నాయి. అడ్వాన్సు వెనక్కి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. లేఅవుట్ అనుమతి ఉందా, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందా, లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా చూసుకోండి. ఇవి బాగుంటే మెట్రో లేకపోయినా నష్టం లేదు.

## ప్రయాణం రోజు

మా అమ్మాయి అమెరికా విమానం తెల్లవారుజామున నాలుగింటికి. మెట్రో ఉపయోగపడుతుందా?

ఇప్పుడున్న వేళలే ఉంటే పడదు. హైదరాబాద్ మెట్రో ఉదయం ఆరింటికి మొదలై రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగుతుంది. మన దగ్గర గల్ఫ్‌కు, అటునుంచి యూరప్, అమెరికాలకు వెళ్లే విమానాల్లో చాలావరకు అర్ధరాత్రి దాటాకే కదులుతాయి. నాలుగింటి విమానానికి ఒంటిగంటకల్లా అక్కడుండాలి. ఆఖరి రైలుకే వెళ్లి టెర్మినల్‌లో కూర్చోవచ్చు, దిగివచ్చేవాళ్లు మాత్రం తెల్లారేదాకా ఆగాలి. రాత్రంతా నడపడం తేలిక కాదు. పట్టాలు, కరెంటు తీగల మరమ్మతులన్నీ ఆ నాలుగైదు గంటల్లోనే చేస్తారు. కనీసం తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టగలిగితే ఉదయం వెళ్లే ఢిల్లీ, ముంబై విమానాలకు పనికొస్తుంది. ఈ విషయం మీద ఇప్పటినుంచే అడగాలి, కానీ చర్చంతా దారి చుట్టూనే తిరుగుతోంది.

పెద్ద పెట్టెలతో మెట్రోలో ఎక్కనిస్తారా?

మామూలు మెట్రోలో బ్యాగు సైజుకు, బరువుకు పరిమితి ఉంటుంది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లైనులో పెట్టెలకు సడలింపు ఉంది, న్యూఢిల్లీ స్టేషన్‌లోనే కొన్ని విమాన సంస్థల లగేజీ అప్పగించే ఏర్పాటూ ఉంది. మన కొత్త లైను నగరం మధ్య తిరిగే మామూలు రైలు కాబట్టి బోగీ డిజైన్‌లోనే కొంచెం ఖాళీ జాగా వదలాలి.

మన లగేజీ సంగతి మీకు తెలియనిదేముంది. 23 కిలోల పెట్టెలు రెండు. ఇంట్లో వేలాడే కాటాతో మూడుసార్లు తూచి, ఆవకాయ సీసా తీసి, కరివేపాకు పొడి పెట్టి, మళ్లీ తూచి, చివరికి తాడు కట్టిన పెట్టెలు. వాటితో చాంద్రాయణగుట్టలో లైను మారమంటే కుదిరే పని కాదు. ఉద్యోగం పని మీద ఒక బ్యాక్‌ప్యాక్‌తో బెంగళూరు వెళ్లొచ్చేవాడికి, విమానాశ్రయంలో పనిచేసేవాళ్లకు ఈ రైలు. అమెరికా పెట్టెలకు కారే.

మా ఇంటి నుంచి ఎంతసేపు పడుతుంది?

అధికారికంగా వేళల పట్టిక లేదు. మన నగరాల్లో మెట్రో స్టేషన్లలో ఆగుతూ సగటున గంటకు 35 కిలోమీటర్ల లోపే నడుస్తుంది. ఆ లెక్కన నాగోల్ నుంచి విమానాశ్రయానికి గంటా అయిదు నిమిషాల దాకా, ఎల్బీ నగర్ నుంచి 55 నిమిషాల చుట్టూ. అమీర్‌పేట నుంచి పాతబస్తీ లైను మీదుగా వెళ్తే రెండుసార్లు రైలు మారడం కలిపి గంటంబావు దాటుతుంది. కొండాపూర్, మాదాపూర్ వాళ్లకు ఇది దండగ, గంటన్నర పైమాటే. ఔటర్ మీద క్యాబ్‌లో ముప్పావుగంటలో వెళ్లేవాళ్లు దీన్ని ఎక్కరు. వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. రాయదుర్గం–కోకాపేట లైనును ఎప్పటికైనా శంషాబాద్ దాకా పొడిగించమని అడిగే హక్కు వాళ్లకుంది.

ఇన్ని కోట్లు పోసే బదులు పుష్పక్ బస్సులు పెంచితే చాలదా?

విమానం ఎక్కేవాళ్ల వరకే అయితే చాలావరకు సరిపోతుంది. ఆర్టీసీ పుష్పక్ బస్సులు రాత్రీ పగలూ నడుస్తాయి, సామాను పెట్టుకునే చోటుంది, టెర్మినల్ గుమ్మంలో దింపుతాయి. మెట్రో వచ్చినా అర్ధరాత్రి దిక్కు అవే.

బస్సుతో కుదరనిది మధ్యలో ఉన్నవాళ్ల సంగతి. సాయంత్రం ఆరున్నరకు ఆరాంఘర్ చౌరస్తాలో నిలబడి చూడండి. శంషాబాద్ వైపు నుంచి వచ్చే సిటీ బస్సు ఫుట్‌బోర్డు దాకా నిండి ఉంటుంది. మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న విమానాశ్రయం సిబ్బంది, కాటేదాన్ ఫ్యాక్టరీల కార్మికులు, యూనివర్సిటీ పిల్లలు షేర్ ఆటోలకు ఎదురెళ్తుంటారు. డ్రైవర్ పక్కన ఇద్దరు, వెనక అయిదుగురు. పుష్పక్ వాళ్ల పక్కనుంచే సగం ఖాళీగా వెళ్లిపోతుంది, అది వాళ్ల కోసం కాదు.

విశాఖ, విజయవాడల్లో ఏం చేస్తున్నారు?

విజయవాడ ప్రణాళికలో మొదటి దశలోనే బస్టాండు నుంచి గన్నవరం దాకా లైను ఉంది, అదీ మామూలు సిటీ మెట్రోలా దారి పొడుగునా ఆగుతూ వెళ్లేదే. విశాఖలో మొదటి దశ ప్రధాన లైను స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది వరకే. కొమ్మాది నుంచి భోగాపురం విమానాశ్రయానికి 30 కిలోమీటర్లకు పైగా ఉన్న లైనును రెండో దశకు వదిలారు. విమానాశ్రయం ముందు, రైలు తర్వాత అన్నమాట. శంషాబాద్‌లో మనం చేసింది కూడా అదే.

ఇంతకీ ఎప్పటికి వస్తుంది?

కేంద్రం ఆమోదం వచ్చాక రుణ ఒప్పందాలు, టెండర్లకు ఏడాది పైనే పడుతుంది. కట్టడానికి నాలుగైదేళ్లు. చివర్లో మెట్రో రైలు భద్రతా కమిషనర్ తనిఖీ చేసి సరే అనాలి. మొదటి దశ ఒప్పందం 2010లో, మొదటి రైలు 2017లో, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ ముక్క 2020 ఫిబ్రవరిలో. అదే ఒప్పందంలో ఉన్న ఫలక్‌నుమా ముక్క ఇప్పటికీ లేదు. ఎవరైనా మీకు ఫలానా దసరాకు అని తేదీ చెబితే, ఏ సంవత్సరం దసరా అని అడగండి.